నా ఆవు కడుపు కొయ్యని సారు

మా పశువుల డాక్టరు సారు మొన్న సోమవారం పోయారు. ఆయన దగ్గర కాంపౌండరుగా చేసిన అన్న ఫోన్ చేసి చెప్పాడు. పాలు పితకడం ఆపి, గిన్నె పక్కన పెట్టాను.

తొంభైల మొదట్లో మేం గోదావరిఖనిలో, బొగ్గుబాయి క్వార్టర్లలో ఉండేవాళ్లం. మా ఆయనకు బాయిలో డ్యూటీ, నాకు ఒక జెర్సీ ఆవు. అంత మంచి ఆవుకు ఏడాదికి ఒక్క దూడేనా అని సారుకు దిగులు. దాని కడుపులో ఒకేసారి నాలుగైదు పిండాలు కట్టేలా చేసి, వాటిని తీసి నాటు ఆవుల్లో పెడతానన్నారు.

నేను ఆవుకు అడ్డంగా నిలబడ్డాను. "కడుపు కోస్తరా సారూ?"

"ఒకప్పుడు కోసేటోళ్లు. ఇప్పుడు కత్తితోని పని లేదు చెల్లె, సన్నటి రబ్బరు గొట్టం చాలు. నీకిష్టం లేకుంటే వద్దు."

మూడు రోజులు ఆలోచించి ఒప్పుకున్నాను. సూదులయ్యాయి, ఎదకు రాగానే ఆవును కట్టించారు. ఏడో రోజు సారు వచ్చి, ఉప్పునీటి సీసాను వేడినీళ్లలో ఉంచి, పసిపిల్ల పాలు చూసినట్టు మణికట్టు మీద చుక్క వేసుకుని చూశారు. తోక మొదట్లో మత్తుసూది వేసి, లోపల చేత్తో గొట్టానికి దారి చూపారు. నీళ్లు గర్భాన్ని కడిగి తిరిగి సీసాలోకి వచ్చాయి. ఆవు గడ్డి నములుతూనే ఉంది.

గంటసేపు మైక్రోస్కోపులో వెతికారు. ఒక్క పిండమూ లేదు.

"తప్పు నాదే చెల్లె, నీ ఆవుది కాదు."

"సదువుకున్నోళ్ల ఆటలు!" అని పక్కింటి కాక నవ్వాడు. సారు మాత్రం ఆ తర్వాత రెండు నెలలు, డ్యూటీ దిగాక వచ్చి ఆవుకు జ్వరం చూసి, వీపు నిమిరి వెళ్లేవారు. "మూగది చెప్పదు, మనమే అడగాలె," అనేవారు. అందుకే రెండోసారి చేయమని నేనే అడిగాను.

ఈసారి సారు నన్ను మైక్రోస్కోపు దగ్గరికి పిలిచారు. "ఒక కన్ను మూసి చూడు." గాజు పళ్లెంలో గుండ్రటి గింజ, లోపల సన్నటి బుడగల ముద్ద.

"గిదే నీ ఆవు బిడ్డ," అన్నారు, అది ఉలిక్కిపడుతుందేమో అన్నట్టు గొంతు తగ్గించి.

మూడు దొరికాయి. వాటిని మోయడానికి తన నాటు ఆవును కూడా ఇచ్చింది ఎవరనుకున్నారు? ఆ కాకే. రెండు నెలలూ సారు రాకపోకలు చూశాడు మరి. మూడింట్లో ఒక్కటే నిలిచింది, అదీ కాక ఆవు కడుపులోనే.

దూడ పుట్టేనాటికి సారుకు వేరే ఊరికి బదిలీ అయింది. కబురందగానే రైల్లో రామగుండం వచ్చి, అక్కడి నుంచి బస్సెక్కి కాక కొట్టంలోకి వచ్చారు. ఇస్త్రీ చొక్కాతోనే మోకాళ్ల మీద కూర్చుని, తేనెరంగు దూడ మెడ కింద చెయ్యి పెట్టారు. నాటు ఆవు దూడనూ ఆయన చేతినీ కలిపి నాకుతూనే ఉంది. సారు చెయ్యి తీయలేదు.