పెద్దమ్మ చూపించిన కొల్లేరు

మా పెద్దమ్మకు మతిమరుపు కొల్లేటి గట్టు మీద మొదలైందని మా ఇంట్లో అందరూ చెబుతారు. నేను ఒప్పుకోను. మొన్న పెద్దమ్మ కొడుకు, మా అన్నయ్య, ఆనాటి ఫొటో ఫ్యామిలీ గ్రూపులో పెట్టి, కింద "అమ్మ పుట్టిన ఊరే గుర్తుపట్టని రోజు" అని రాసి, నవ్వే బొమ్మ కూడా తగిలించాడు. అందరూ నవ్వారు. నేను మాత్రం ఆ ఫొటోని పెద్దది చేసుకుని చూస్తూ కూర్చున్నాను, ఇంకా చూస్తూనే ఉన్నాను.

పెద్దమ్మంటే మా నాన్నగారి అన్నగారి భార్య. ఆవిడ పుట్టిల్లు కొల్లేట్లో ఒక లంక గ్రామం. అన్నదమ్ములు పొలాలమ్ముకుని తలో వూరూ వెళ్లిపోయాక ముప్పై ఏళ్లు అటు వెళ్లే అవసరం పడలేదు. తొంభైల చివర్లో, నేను భీమవరంలో డిగ్రీ చదువుతుండగా, అన్నయ్య కొత్తగా కొన్న వ్యానులో ఒక ఆదివారం పులిహోర, పెరుగన్నం, రెండు చాపలు వేసుకుని ఆకివీడు మీదుగా బయల్దేరాం. ఊరు చూసి, నీళ్ల పక్కన కాసేపు కూర్చుని, చీకటి పడకుండా తిరిగి వచ్చెయ్యాలని మా ఆలోచన. పెద్దమ్మది మాత్రం ఒక్కటే కోరిక, వాళ్ల రేవులో దిగి కాళ్లు కడుక్కోవాలి.

ఊరు ప్రశాంతంగానే ఉంది. ఊరి చుట్టూ ఎటు చూసినా గట్లు, గట్ల మధ్య నీళ్లు. అన్నయ్య ఒక గట్టు దగ్గర వ్యాను ఆపి, ఇదిగోనమ్మా నీ కొల్లేరు అన్నాడు. పెద్దమ్మ కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, ఇది కాదురా అంది. ఇంకో గట్టుకి తీసుకెళ్తే అదీ కాదంది. మూడోదీ కాదు. ఎండ నెత్తికెక్కింది, అందరికీ ఆకలి. అప్పుడు చదువుకున్నదాన్ని నేనే నోరు విప్పాను. "కళ్లెదురుగా ఇన్ని నీళ్లు పెట్టుకుని సరస్సేదంటావేంటి పెద్దమ్మా?" అన్నాను. అందరూ పడీపడీ నవ్వారు. నా మాటకు అంతమంది ఒకేసారి నవ్వడం నాకు బాగుందని ఇప్పుడు దాచడమెందుకు.

పెద్దమ్మ నవ్వలేదు. నీళ్లలో పాతిన వెదురుకర్రలకు వేలాడుతున్న సంచుల్ని చూపించి, "కొల్లేటికి ఈ సంచులెవరు కట్టారే?" అని నన్నే అడిగింది. దానికీ నవ్వాం.

చాప పరిచేసరికి కాపలా మనిషి వచ్చాడు. "ఇది చేపల చెరువండి. అవి మేత సంచులండి. గట్టు మీద తినేసి ఆకులు నీళ్లలో పారెయ్యకండి" అన్నాడు. మరి కొల్లేరెక్కడండీ అని అన్నయ్య అడిగితే, అతను కాసేపు నాలుగు వైపులా చూసి, "ఇదంతా కొల్లేరేనండి" అన్నాడు. అన్నయ్య ఆ రెండో మాట ఒక్కటే పట్టుకుని, చూశావా అమ్మా అన్నాడు. చేపల చెరువన్న మొదటి మాట అక్కడ ఎవరికీ వినపడనట్టే ఉండిపోయింది.

పెద్దమ్మ అతన్ని బతిమాలింది. "బాబూ, ఓ దోనె ఎక్కించు. నీళ్ల మీంచైతే మా రేవు నేనే చూపిస్తాను."

"దోనెలెక్కడివండి ఇప్పుడు. మేత వేసే పడవుంది, అది ఈ గట్టు దాటదండి."

ఆవిడ కాపురానికి వెళ్లిందీ, పురుళ్లకు వచ్చిందీ అంతా దోనెలోనే. ఆ ఊరిని ఎప్పుడూ నీళ్ల మీంచే చూసిన మనిషిని రోడ్డు మీంచి వ్యానులో తెచ్చి దించి, గుర్తుపట్టమని పరీక్ష పెట్టాం. ఈ సంగతి నాకు తట్టడానికి ఇన్నేళ్లు పట్టింది. ఆ రోజు ఆవిడ కాళ్లు కడుక్కోకుండానే వ్యానెక్కింది.

తర్వాత ఇంట్లో ఆవిడ మాట చెల్లడం మానేసింది. ఏమన్నా, మీకు గుర్తుండదులెండి అత్తయ్యగారూ అని వదిన మెత్తగా తీసిపారేసేది. ఆ వేసవి ఆవకాయలో ఉప్పు చాలదని పెద్దమ్మ రెండుసార్లు చెప్పింది, ఎవరూ వినలేదు. శ్రావణంలోపే జాడీ నిండా బూజు. అయినా మతి తప్పింది ఆవిడకే.

పెద్దమ్మ పోయాక, ప్రభుత్వం వాళ్లు అక్కడి చేపల చెరువుల గట్లు చాలా కొట్టేశారని విని, నేనొక్కదాన్నే వెళ్లాను. మేము పులిహోర తిన్న చోటు వెతికాను. అంతా నీళ్లూ తూడు మొక్కలూ. ఇటని ఒకరు, అటని ఒకరు చెప్పారు. నాకేమీ గుర్తు రాలేదు. ఇంటికొచ్చి ఆ మాటే చెబితే, రోజులు మారాయి కదా అన్నారే గాని, నాకు మతి పోయిందని ఒక్కరూ అనలేదు.

ఇక ఈ ఫొటో. మేమందరం నీళ్లకు వీపు పెట్టి పళ్లికిలిస్తున్నాం. పెద్దమ్మ చివర నిలబడి, చెయ్యెత్తి, సూటిగా కెమెరా వైపే, కెమెరా పట్టుకున్న వాడి భుజం మీదుగా ఎటో చూపిస్తోంది. ఇది కాదు అని ఆవిడ మూడుసార్లు అంటే, మరి ఏది అని మాలో ఒక్కరమూ అడగలేదు, ఇప్పుడు అడుగుదామంటే ఆవిడ లేదు. ఆ ఫొటో తీసింది నువ్వే కదా అన్నయ్యా. క్లిక్కుమనిపించాక, నువ్వు ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూశావా?