గదికి సరిపడే లెన్సు

ఆదివారం పొద్దున ఫొటోగ్రాఫర్ నడిరోడ్డు మీద నిలబడి తన స్టూడియోలోకే కెమెరా గురిపెట్టి ఉండగా, పాల వ్యాను అతని మోచేతిని రాసుకుంటూ పోయింది. డ్రైవర్ తిట్టాడు. ఫొటోగ్రాఫర్ అంతకంటే ముదురు తిట్టు ఒకటి తిట్టి మళ్లీ కెమెరాకి కన్ను ఆనించాడు. ఈలోగా లోపల వరసగా సర్దుకున్న పద్నాలుగు మందిలో సగం మంది వ్యాను వైపు తిరిగిపోయారు. మధ్యలో కూర్చున్న వకీలు లేచి గుమ్మంలోకి వచ్చాడు.

“నువ్వు రోడ్డు మీద చస్తే సాక్షిగా నన్ను పిలుస్తారయ్యా. లోపలికొచ్చి తీయి.”

“లోపలికొస్తే మళ్లీ పోయినసారిలాగే వస్తుందండి. మీ వదినగారు ఊరుకోరు.”

“ఎందుకూరుకుంటాను?” అంది కుడివైపు చివర నిలబడ్డ వదిన. “అందులో నా భుజం ఒక్కటే సోఫా అంత ఉంది. చూసినవాళ్లంతా నాకేం జబ్బని అడిగారు.”

ఆవిడ చెప్పింది అబద్ధం కాదు. చిన్న గదిలో పెద్ద గుంపు పట్టాలంటే వెడల్పుగా చూసే లెన్సు పెట్టాలి. ఆ లెన్సు గోడల్ని తిన్నగా ఉంచుతుంది కానీ చివర నిలబడ్డవాళ్లను పక్కకి లాగుతుంది. బంతి పెడితే కోడిగుడ్డవుతుంది. ఇంకో రకం లెన్సుంది. అది మనుషుల్ని మనుషుల్లా ఉంచి గోడల్ని విల్లులా వంచుతుంది. అందుకని ఈ ఫొటోగ్రాఫర్‌కి ఒక పద్ధతి ఉంది. కుటుంబం గుమ్మంలో అడుగుపెట్టగానే ఒక్కొక్కరినీ పైనించి కిందికి చూసి, ఒళ్లున్నవాళ్లని మధ్యలోకి, బక్కవాళ్లని చివరలకి తోలేస్తాడు. చాలా కుటుంబాలు సర్దుకుంటాయి. వకీలుగారి వదిన మాత్రం సర్దుకోలేదు. మధ్యలో నిలబడితే తోడికోడలి పక్కన నిలబడాలి. దానికంటే చివరే నయమంది.

“వచ్చే ఆదివారం దాకా టైమిస్తున్నా,” అన్నాడు వకీలు. “మొహాలు మొహాల్లా రావాలి. లేదంటే కాంప్లెక్సులో కొత్త స్టూడియోకి పోతాం. వాళ్ల హాల్లో లారీ తిప్పొచ్చు. కోర్టు స్టాఫ్ ఫొటో కూడా అక్కడికే పోతుంది, తర్వాత నన్ననుకోవద్దు.”

కోర్టు స్టాఫ్ పోతే స్టూడియో మూతే. ఇప్పుడు పాస్‌పోర్టు ఫొటో ఫోన్లో ఎవడైనా తీసుకుంటున్నాడు. ఇంకా ఈ గుమ్మం ఎక్కేది గుంపులు మాత్రమే. వాళ్ల ఇళ్లు ఈ స్టూడియో కంటే ఇరుకు, బయట ఎండలో నిలబడితే కళ్లు చిట్లిస్తారు.

స్టూడియో మొదట్నుంచీ ఇరుకు కాదు. ఫొటోగ్రాఫర్ తండ్రి ఈ వీధి నుంచి వెనక వీధి దాకా ఒకటే పొడుగాటి గది కట్టించాడు. మంచి లెన్సు ఒకటి కొని, దానికి ఎంత దూరం కావాలో కొలిచి, గదికి పునాది తీయించాడు. ఆయన పోయాక కొడుకులిద్దరూ పంపకాలకి కూర్చున్నారు. పంపకాల కాగితం రాసింది ఈ వకీలే. ఒకడు గదీ కెమెరా తీసుకుని ఇంకొకడు డబ్బు తీసుకుంటే సరిపోయేది. వినలేదు. అన్నకి అంగుళం ఎక్కువ పోకూడదని తమ్ముడు, తమ్ముడికి పోకూడదని అన్న, చెరో కొసా టేపు పట్టుకుని గదికి సరిగ్గా నడిమధ్యన గోడ కట్టించారు. దాంతో రెండు ముక్కలూ గ్రూపు ఫొటోకి పనికిరాకుండా పోయాయి. వెనక ముక్కలో అన్న జిరాక్స్ మెషీన్లు పెట్టుకున్నాడు. ముందు ముక్కలో తమ్ముడు, అంటే ఈ ఫొటోగ్రాఫర్, ఏ కంపెనీ అయినా తన గదికి సరిపడే లెన్సు చేయకపోతుందా అని ఎదురుచూస్తూ కూర్చున్నాడు. వెడల్పుగా చూడాలి, గోడ తిన్నగా ఉండాలి, చివరి మనిషి మొహం గుండ్రంగా ఉండాలి. కనపడ్డ కంపెనీ ప్రతినిధికల్లా ఇదే చెబుతాడు. కెమెరా బజార్లో అతని పేరు ‘లేని లెన్సు’.

అన్నదమ్ములు మాట్లాడుకోరు. అంటే నేరుగా మాట్లాడుకోరు. తమ షాపులో ఉన్న గిరాకీతో అంటున్నట్టు ఎవరికి వాళ్లు గొంతు పెంచుతారు. గోడ సన్నంది, అవతలివాడికి అందుతుంది. వీధిలో అందరికీ ఇది అలవాటే. తమని ఎవరో తిడుతున్నారనుకుని కొత్తవాళ్లు మాత్రం బెదిరిపోతారు.

ఆ వారంలోనే ఒక కంపెనీ ప్రతినిధి కొత్త లెన్సు పట్టుకొచ్చాడు. ఫొటోగ్రాఫర్ తన భార్యను కుడి గోడ పక్కన నిలబెట్టి ఫొటో తీశాడు. కంప్యూటర్లో పెద్దది చేసి చూశాడు. భార్య కూడా చూసింది.

“బుగ్గలో లడ్డూ పెట్టుకున్నట్టున్నాను,” అందావిడ.

“పాతదానికీ దీనికీ తేడా ఏముందయ్యా?” అన్నాడు ఫొటోగ్రాఫర్. “నేను చెప్పింది మీవాళ్లకి చెప్పావా అసలు?”

“చెప్పాను సార్. నవ్వారు.”

“ఎందుకు?”

“అది లెన్సు తప్పు కాదు సార్. దగ్గర్నుంచి అంత వెడల్పు చూస్తే ఎవరు చేసినా చివర లాగుతుంది. మీక్కావాల్సింది లెన్సు కాదు, వెనక్కి నాలుగడుగులు.”

ఫొటోగ్రాఫర్ వెనక్కి తిరిగి చూశాడు. వెనక గోడే ఉంది. గోడ అవతల జిరాక్స్ మెషీన్ ఆగింది.

“చూశారా మాస్టారూ,” అని అన్న గొంతు వినిపించింది. అక్కడ నిలబడ్డ మాస్టారెవరోగానీ పాపం ఇరుక్కున్నాడు. “నాయన లెన్సుకి తగ్గట్టు గది కట్టాడు. ఇక్కడొకాయన గది కోసేసి, దానికి తగ్గట్టు లెన్సు చేయమని ఊళ్లమీద పడ్డాడు.”

“కోసింది నేనొక్కణ్నేనా?” ఫొటోగ్రాఫర్ ప్రతినిధి మొహంలోకి చూస్తూ అరిచాడు. “టేపు రెండో కొస పట్టుకుంది ఎవరో అడుగు.”

“నాకేం తెలుసు సార్,” అని ప్రతినిధి లెన్సు పెట్టెలో సర్దుకున్నాడు.

మర్నాడు వకీలు దావా కాగితాలు జిరాక్స్ తీయించుకోవడానికి వెనక షాపుకి వెళ్లాడు. తను రాసిన పంపకం తన ఇంటి ఫొటోకే అడ్డం పడిందని అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. గోడలో దారి ఇవ్వగలవా అని అన్నని అడిగాడు.

“లెన్సు పట్టేంత కన్నం పెట్టుకోమనండి,” అన్నాడు అన్న.

“కన్నంలోంచి చూస్తే లాభమేంటి? వెనక్కి జరగాలంటే గుమ్మం ఉండాలి, అది నీకూ తెలుసు. నీదీ కెమెరా పట్టిన చెయ్యేగా.”

అన్న కాగితాల కట్ట బల్లమీద తాటించి అంచులు సరిచేశాడు. “సరే. గుమ్మం పెట్టుకోనివ్వండి. రెండు రెక్కల తలుపు. గొళ్లెం మాత్రం నా వైపుంటుంది. కావాల్సినప్పుడల్లా వాడు తట్టాలి. తీసేది నేను.”

“దానివల్ల నీకేం ఒరుగుతుందయ్యా?”

“తడితే వినాలని ఉంది.”

ఈ షరతు విని ఫొటోగ్రాఫర్ ఆ పూట అన్నం మానేశాడు. స్టూడియో మూసేసి కూరగాయలమ్ముకుంటాను గానీ వాడి తలుపు తట్టనన్నాడు. భార్య అంతా విని కంచం తీసేసింది.

“కంపెనీలవాళ్ల కాళ్లు ఎన్నేళ్లనించి పట్టుకుంటున్నారు? వాళ్లెవరో కూడా మీకు తెలీదు. ఒక్క తలుపు తడితే చెయ్యి అరిగిపోతుందా? కూరగాయలంటున్నారు, బేరాలాడేవాళ్లతో మీరు ఒక్కరోజు వేగగలరా?”

శుక్రవారం తాపీమేస్త్రీ వచ్చి గోడ పగలగొట్టాడు. అన్నదమ్ములు అటొకడు, ఇటొకడు చేతులు కట్టుకుని నిలబడి, ఏ ఇటుక ఎవరి వైపు పడుతుందో చూసుకున్నారు.

ఆదివారం వకీలు కుటుంబం వీధి వైపు దించిన షట్టర్ ముందు తెర కట్టుకుని నిలబడింది. వదిన మళ్లీ చివరే. ఫొటోగ్రాఫర్ వాళ్లకి వీపు చూపించి కొత్త తలుపు దగ్గరికి వెళ్లి తట్టాడు. అవతల మెషీన్ తిరుగుతూనే ఉంది. మళ్లీ తట్టాడు.

“ఎవరూ?”

“నేనే.”

“నేనే అంటే?”

వెనక అందరూ తలుపు వైపే మెడలు చాచారు. కుర్చీలో వకీలు కళ్లు మూసుకున్నాడు. ఒక్క పిలుపుకి తలుపు తెరుచుకునేలా ఉంది. ఆ పిలుపేదో గదిలో అందరికీ తెలుసు. ఫొటోగ్రాఫర్ మెడ మీద నరం ఉబ్బింది.

“ఫొటోవాణ్ని,” అన్నాడు.

అవతల మెషీన్ ఆగింది. తర్వాత గొళ్లెం తీసిన చప్పుడయింది. రెండు రెక్కలూ తెరుచుకున్నాయి. అన్న అతని మొహం చూడకుండా వెనక్కి వెళ్లి స్టూలు మీద కూర్చున్నాడు.

ఫొటోగ్రాఫర్ గుమ్మం దాటి కాగితాల కట్టల మధ్య కెమెరా నిలబెట్టుకున్నాడు. బిగించింది మామూలు లెన్సు. అన్ని కంపెనీలూ చేసేదే. గుంపు మొత్తం గుమ్మంలో పట్టింది.

“ఎడమ చివరావిడ చెయ్యి కిందికి,” అన్నాడు అన్న, ఎవరితోనో కాదు, మెషీన్‌తో అన్నట్టు.

ఫొటోగ్రాఫర్ విననట్టే కెమెరాలోంచి చూస్తూ, “ఎడమ చివరావిణ్ని చెయ్యి కిందికి దించమను,” అని భార్యకి కేకేశాడు. భార్య ఇద్దర్నీ చూసి, వెళ్లి ఆవిడ చెయ్యి దింపింది.

ఫొటో బాగా వచ్చింది. అందరికీ ఎవరి మొహం వాళ్లకే ఉంది. వదిన దాన్ని వెలుతురుకి పట్టి చాలాసేపు చూసింది.

“బాగానే ఉందిలెండి,” అంది. “కానీ మా తోడికోడలు నాకంటే సన్నగా పడింది. ఇదేం కెమెరా?”

వకీలు ఆ వంక ఒప్పుకోలేదు. ఫొటో పటం కట్టించాడు, కోర్టు స్టాఫ్ ఫొటో ఇక్కడే తీయిస్తానన్నాడు. ఫొటోగ్రాఫర్ నెల చివరి శనివారం రాసుకున్నాడు. స్టాఫ్ నలభై ఒక్క మంది. అంతమంది పట్టాలంటే కెమెరా ఇంకా వెనక్కి పోవాలి, అక్కడ అన్న పెద్ద మెషీన్ అడ్డం ఉంది. జరుపుతారా అని ఫొటోగ్రాఫర్ భార్య వెళ్లి అడిగింది. ఆలోచిస్తానన్నాడు.