పార్కింగులో ఫైబర్ పడవ

2008 జూన్ 7, శనివారం. సూరత్, మా అపార్ట్‌మెంట్ సొసైటీ పార్కింగు. ఉదయం ఏడు నుంచి సాయంత్రం ఏడు వరకు.

హాజరైనవారు: నేను. కింది అంతస్తు అక్కయ్యగారు. కడోదరాలో కార్ల గ్యారేజీ నుంచి వచ్చిన పాలిష్ మిస్త్రీ. మా ఆవిడ, ఉప్మా తెచ్చినప్పుడు ఒకసారి, నా పంచె సంగతి తెలిసినప్పుడు ఒకసారి.

ఆనాటి డైరీ పేజీ పైన ఇంతే ఉంది. దాని కింద పన్నెండడుగుల పడవ బొమ్మ. బొమ్మ మీద మరకలు ఎక్కడున్నాయో, పగుళ్ళు ఎక్కడున్నాయో అంకెలు వేసుకున్నాను. మొత్తం పద్నాలుగు. పడవ చెక్కది కాదు, ఫైబర్‌ది. ఉండేది కూడా నదిలో కాదు, మా స్కూటర్ల వరసకూ నీళ్ళ ట్యాంకుకూ మధ్య, నాలుగు పాత లారీ టైర్ల మీద. కొత్తగా వచ్చినవాళ్ళు దాన్ని చూసి ముందు నవ్వేవారు, ఆ తర్వాత ఇదెందుకని అడిగేవారు.

రెండేళ్ళ కిందట ఆగస్టులో తాపీ నది పొంగినప్పుడు మా కింది అంతస్తు ఇళ్ళలో ఫ్యాను రెక్కల దాకా నీళ్ళొచ్చాయి. అక్కయ్యగారు రైల్వేలో నాతో పనిచేసిన ఆయన భార్య. ఆయన పోయాక కూడా ఆ ఇంట్లోనే ఒక్కరూ ఉండేవారు. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. మోకాళ్ళు రెండూ అరిగిపోయి మెట్లెక్కలేరు. ఆ రోజు ఆమెను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం రెండో అంతస్తులోని మా ఇంటికి మోశాం. రెండో రోజుకి ఆమె షుగరు మందు అయిపోయింది. సహాయానికి పడవ మాత్రం మూడో రోజుగానీ రాలేదు. ఆ ఒక్క రోజు ఆవిడ మాటలు తడబడుతుంటే మా ఆవిడా నేనూ పక్కనే కూర్చుని వాన చప్పుడు విన్నాం. అంతకు మించి చేయగలిగింది లేకపోయింది.

నీళ్ళు తీశాక సొసైటీ అంతా కలిసి డుమస్ వైపు ఒకాయన దగ్గర వాడిన పడవ ఒకటి కొన్నది. ప్రతిదీ రాసి పెట్టుకునేవాణ్ణి నేనే కాబట్టి దాని బాధ్యత నాకు అప్పగించారు.

ఆ రెండేళ్ళ ఎండకి పడవ వన్నె తగ్గింది. ముఖ్యంగా డెక్కు. అంటే ముందుభాగాన మూతలా పరిచి ఉండే బల్లపరుపు జాగా, మెట్ల మలుపు నుంచి పడవలోకి దిగితే మొదటి అడుగు పడేది దాని మీదే. పైన ఉండాల్సిన నునుపు పొర పొడిబారి, చెయ్యి వేస్తే బ్లాక్‌బోర్డు తుడిచినట్టు తెల్లగా అంటుకునేది. తాడు కట్టే కొక్కెం చుట్టూ తుప్పు మరక. పావురాల సంగతి వేరే చెప్పక్కర్లేదు.

గురువారం గేటు దగ్గర సెక్రటరీ నన్ను ఆపాడు. కతర్‌గామ్‌లో వజ్రాలు సానపట్టే కారఖానా ఆయనది. వస్తువు ఏదైనా ముందు వెలుతురుకి పెట్టి చూసే మనిషి. మాతో హిందీలో మాట్లాడేవాడు.

"కాకా, నిన్న మా బావమరిది వచ్చి ఇది సొసైటీయా, పాత ఇనుము పడేసే భంగార్ గోదామా అని అడిగాడు. పిల్లల యూనిఫారాలకి ఆ సున్నం అంటుకుంటోందని ఆడవాళ్ళ ఫిర్యాదు. ఆదివారం పొద్దున కమిటీ చూస్తుంది. చూడబుద్ధయ్యేలా ఉంటే ఉంటుంది. లేకపోతే తీసేసి ఆ జాగాలో రెండు కార్లు పెట్టుకుంటాం."

ఆ మాట అక్కయ్యగారి చెవిన పడటానికి గంట పట్టలేదు. వరండాలో కరివేపాకు కుండీకి నీళ్ళు పోస్తూ, నా వైపు చూడకుండానే అన్నారు. "తమ్ముడూ, అది పోతే నేనూ ఇల్లు ఖాళీ చేస్తాను. పోయిన ఏడు చినుకు పడ్డ ప్రతి రాత్రీ లేచి కిటికీలోంచి పడవ ఉందా లేదా చూసుకుని పడుకున్నాను. ఇక్కడ ఇరవై రెండేళ్ళుగా ఉంటున్నాను. ఇంకెక్కడికెళ్ళాలో నాకూ తెలీదు. కానీ ఆ పడవ లేకుండా ఇంకో వానాకాలం నావల్ల కాదు."

అందుకని శనివారం పని పెట్టుకున్నాం. ముందు స్క్రూడ్రైవర్ పిడితో డెక్కంతా తట్టి చూశాను. లోపల పాడైతే మెత్తటి చప్పుడు వస్తుంది. ఎక్కడా రాలేదు, అన్నిచోట్లా టకటకమంది. ఒళ్ళు గట్టిగానే ఉంది, తోలు మాత్రమే పోయింది. ఒక్క రోజులో పైపై మెరుగు పెట్టుకుంటే చాలు.

మిస్త్రీది కరీంనగర్ వైపు. మరమగ్గం మీద పనికని సూరత్ వచ్చి, దుమ్ము పడక గ్యారేజీలో చేరాడు. పడవ చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"గిదేంది సార్, దీనికి చక్రాలు లేవు, దర్వాజాలు లేవు. సగం పని ఇప్పుడే ఐపోయింది."

"అద్దంలా మెరవాలయ్యా. చూసేది వజ్రాల మనిషి."

"అద్దమే చేస్త. రేపు ఆయన గిండ్లనే మొకం చూస్కొని గడ్డం గీస్కుంటడు."

డిటర్జెంటు నీళ్ళతో, మెత్తటి బ్రష్షుతో రెండుసార్లు కడిగాం. నల్లగా నాచు పట్టిన చోట బ్లీచింగు పౌడరు. తుప్పు మరకకి నిమ్మచెక్కా ఉప్పూ, అది మా ఆవిడ సలహా, బాగానే పనిచేసింది. వెంట్రుకవాసి పగుళ్ళను స్క్రూడ్రైవర్ అంచుతో కాస్త తెరిచి, కార్లకి వాడే పుట్టీ నింపాం. ఆ పుట్టీ ఒక పెంకు మీద కలుపుకోవాలి, కలిపిన పది నిమిషాల్లో రాయి అవుతుంది. నేను గడియారం చూసి నిమిషాలు చెబుతుంటే మిస్త్రీ, "సార్, జర ఊకోండ్రి, మీరు రైలు తోలినట్టు జేస్తుండ్రు" అని విసుక్కున్నాడు. ఆరాక నీటి ఎమిరీ కాగితం, ముందు గరుకుది, ఆపైన సన్నది. తర్వాత పాలిష్ కాంపౌండు పూసి, బొచ్చు చక్రం ఉన్న మెషీనుతో రుద్దాడు. మధ్యాహ్నానికి డెక్కు లోపలి నుంచి మెల్లగా పాత తెలుపు బయటికి వచ్చింది.

చివరికి మైనం పెట్టాలి. దానికి నూలు గుడ్డ కావాలన్నాడు. ఊరంతా గుడ్డపీలికలే కదా, మిల్లుల నుంచి సంచులకొద్దీ వస్తాయి. వాచ్‌మన్ ఒక సంచి తెచ్చాడు కూడా. అంతా పాలిస్టరు. రుద్దితే మైనం పట్టదు, జారిపోతుంది. ఇంత బట్టల ఊళ్ళో చీరలకు కరువు లేదు గానీ గజం నూలు దొరకలేదు. పైకి వెళ్ళి నా పంచె ఒకటి తెచ్చాను. అప్పుడే మా ఆవిడ రెండో హాజరు.

"పాతదే కదా," అన్నాను.

"పాతది బీరువాలో ఉంది. ఇది మీ రిటైర్మెంటు నాడు కట్టుకున్నది," అంది. అప్పటికే సగం చింపేశాం.

నాలుగింటికి పని పూర్తయింది. మిస్త్రీ అన్నట్టే అయింది. పార్కింగు ట్యూబులైటు ఆ డెక్కులో రెండోది ఒకటి వెలుగుతున్నట్టు కనిపించింది. నా డైరీ బొమ్మలో పద్నాలుగు అంకెలకూ టిక్కు పెట్టాను. సెక్రటరీ ఈ నిగనిగ చూస్తే ఇక నోరెత్తడని ధైర్యం వచ్చింది.

నాలుగున్నరకి అక్కయ్యగారు మాకు టీ తెచ్చారు. ట్రే నా చేతికిచ్చి, డెక్కు మీద చెయ్యి వేసి చూసుకుని నవ్వారు. "ఏదీ, ఒకసారి ఎక్కనీ. నిజంగా ఎక్కాల్సిన రోజు కంగారు పడకుండా ఉంటుంది" అన్నారు. స్టూలు వేశాం. మిస్త్రీ ఒక చెయ్యి పట్టుకున్నాడు. ఆమె చెప్పులు విడిచి, కుడికాలు డెక్కు మీద పెట్టి బరువు మోపారు.

కాలు నిలవలేదు. చేప జారినట్టు జారింది. మిస్త్రీ రెండో చేత్తో కూడా పట్టుకోబట్టి కింద పడలేదు. డెక్కు అంచున కూలబడి, రెండు కాళ్ళూ వేలాడేసి కూర్చున్నారు. ముందు నవ్వొచ్చింది ఆమెకి. తర్వాత నవ్వు ఆగింది.

"తమ్ముడూ, ఇది ఎవరు ఎక్కడానికి?"

డైరీ తీసి చూశాను. పద్నాలుగు అంకెల్లో మరక ఉంది, పగులు ఉంది, పావురం ఉంది. కాలు లేదు.

మిస్త్రీ తల గోక్కున్నాడు. "కారు బానెట్ మీద ఎవ్వలు నిలవడ్తరమ్మా? నాకు మెరిపిచ్చుడే ఎరుక. నీళ్ళు పడితే ఇంకా జారుతది."

నిజం చెప్పాలంటే నాకు ఆ మెరుపు తీయబుద్ధి కాలేదు. "రేపు కమిటీ చూసేదాకా ఉండనిద్దాం అక్కయ్యా. ఆ తర్వాత నెమ్మదిగా గరుకు చేద్దాం. సెక్రటరీకి కావాల్సింది మెరుపే" అన్నాను.

"రేపు ఉంచుతామంటారు. ఎల్లుండి మీరు దీని మీద గరుకు పెడతామంటే మళ్ళీ భంగార్ అంటాడాయన. ఈలోగా వాన రానే వస్తుంది. నేను కాలు పెట్టలేనప్పుడు అది ఉంటే ఎంత, పోతే ఎంత?" డెక్కు మీద వేలు రాస్తూ, "జారే పడవని చూసుకుని నేను నిద్రపోలేను" అన్నారు.

టీ చల్లారిపోయింది. మిస్త్రీయే ముందు లేచాడు. "జెప్పుండ్రి సార్, ఏం జేద్దాం? గ్యారేజీ ర్యాంపు మీద మేం తడి రంగుల ఇసుక చల్లుతం, బండి జారకుంట. గట్ల జేద్దామా?"

మైనం మీద రంగు నిలవదు కాబట్టి ముందు మైనం పోవాలి. థిన్నరుతో తుడవడానికి మళ్ళీ నూలు గుడ్డ. అలా మొదటి పంచె మైనం పెట్టడానికి, రెండో పంచె మైనం తీయడానికి పోయాయి. ఈసారి బీరువాలోదే తెచ్చాను, మా ఆవిడతో చెప్పకుండా. అంచు చుట్టూ జానెడు మేర మెరుపు అలాగే ఉంచి, లోపలి వైపు టేపు అంటించాం. లోపలంతా గరుకు ఎమిరీతో గీరాం. పొద్దుటి నుంచి చేసినదాన్ని మన చేతులతోనే గీకుతుంటే ప్రాణం ఉసూరుమంది.

ఎదురుగా కడుతున్న బిల్డింగు దగ్గర ఇసుక అడిగి తెచ్చాం. అక్కయ్యగారు తన రవ్వ జల్లెడతో జల్లించి, పెనం మీద వేయించి, చల్లార్చి ఇచ్చారు. గ్యారేజీలో మిగిలిన లేత బూడిదరంగు కారు పెయింటు, గట్టిపడే మందు కలిపి మిస్త్రీ పూశాడు. తడి ఆరేలోగా ఇసుక పడాలి. నేను చల్లితే ఒకచోట కుప్ప, ఇంకోచోట ఖాళీ.

"ఇటివ్వండి. మీకు చేతకాదు," అని అక్కయ్యగారు కుర్చీ పడవ పక్కకి లాక్కున్నారు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి ఇసుక వదిలారు. రోజూ వాకిట్లో ముగ్గు వేసే చెయ్యి. ఎక్కడా గుప్పెడు పడలేదు, ఎక్కడా చోటు మిగల్లేదు. మిస్త్రీ చూస్తూ నిలబడి, "అమ్మా, గ్యారేజీకి రండ్రి, పగారు ఇప్పిస్త" అన్నాడు.

"మీ సేటు ఇస్తాడా మోకాళ్ళకి కుర్చీ?" అన్నారావిడ.

దాని మీద ఇంకో పూత వేసి, టేపు తీసి, గాలి ఆడేలా ఎత్తుగా టార్పాలిన్ కట్టాం. ఏడయింది. చూడటానికి పెద్ద అందంగా లేదు.

మర్నాడు ఆదివారం. తెల్లవారుజామున చినుకులు పడ్డాయి. ఎనిమిదికి సెక్రటరీ మరో ఇద్దరితో వచ్చాడు, చేతిలో లోచో టిఫిను పొట్లం. టార్పాలిన్ తీశాను. అంచును చూసి తల ఆడించాడు. మధ్యలో చూసి మొహం ముడుచుకున్నాడు.

"కాకా, చుట్టూ బాగుంది. మధ్యలో ఈ రవ్వ ఏమిటి? దోసె పోశారా?"

నేను డైరీ తీసి వివరించబోయాను. అక్కయ్యగారు ఆగలేదు. చెంబుతో నీళ్ళు తెచ్చి డెక్కంతా పోశారు. పడవ ఊతంగా మెల్లగా స్టూలు మీదికెక్కి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, వట్టి కాలు అంచు దాటించి తడి డెక్కు మీద పెట్టారు. రెండో కాలు కూడా. నిలబడ్డారు. చీర కుచ్చిళ్ళు సర్దుకుని, తనకొచ్చిన హిందీలో, "ఆవో భాయ్, తుమ్ భీ ఆవో" అన్నారు.

ఆయన కొత్త చెప్పులతో ఎక్కాడు. ముందు అంచు మీద, మేం మెరుపు ఉంచిన జానెడు మీద కాలేశాడు. సర్రున జారింది. అక్కయ్యగారు ఆయన మోచెయ్యి పట్టి లోపలికి లాగారు. ఇసుక మీద కాలు పడగానే నిలబడిపోయాడు. పొట్లం చేతిలోనే ఉంది. ఒకసారి కాలు అక్కడే నొక్కి తిప్పి చూశాడు. గట్టిగా రెండు తన్నులు తన్నాడు. వంగి, వజ్రం చూసినట్టు దగ్గరగా చూసి, గోటితో గీకాడు. ఇసుక రాలేదు.

"ఇది ఎవరు చల్లారు?"

"నేనే," అన్నారు అక్కయ్యగారు.

ఆయన పడవ దిగకుండానే కమిటీవాళ్ళ వైపు తిరిగి ఏదో గుజరాతీలో అన్నాడు. వాళ్ళు తలలూపారు. నాకు హిందీలో చెప్పాడు. "పడవ ఉంటుంది కాకా. ఈ అంచు కూడా రవ్వ చేసెయ్యండి. ఇంకో మాట. మన గేటు మెట్లు వానకి జారుతున్నాయి, పోయిన ఏడు మా అమ్మ పడింది. వాటికి కూడా ఇదే చేస్తారా?"

తొమ్మిదింటికి మిస్త్రీకి ఫోను చేశాను. అక్కయ్యగారు అప్పటికే జల్లెడ కడిగి ఎండలో పెట్టారు. మా ఆవిడ బీరువా తెరిచి, మిగిలిన పంచెలు లెక్కపెట్టి, తాళం వేసి చెవి బొడ్లో దోపుకుంది.