అమ్మ ఒప్పుకోని ఫ్రెషర్

"ఫ్రెషర్ అంటే ఏందే?" అని అడిగింది అమ్మ.

నా డిగ్రీ పూర్తయిన ఎండాకాలం అది. దర్శి బస్టాండు దగ్గర నెట్ సెంటర్ అతను తయారుచేసిచ్చిన రెజ్యూమె పట్టుకుని, మిరపకాయల కళ్ళంలో అమ్మ పక్కన కూర్చుని ఉన్నాను. అమ్మకి చదువు రాదు. అయినా నా గురించి రాసిన ఏ కాగితమైనా ఆవిడకి పైకి చదివి వినిపించాల్సిందే. పేరు, ఊరు, కాలేజీ, మార్కులు అన్నీ చదివాను. చివర్లో అనుభవం అన్నచోట "లేదు, ఫ్రెషర్" అని ఉంది.

"కొత్తగా ఉద్యోగంలో చేరేవాళ్ళని అట్లా అంటారమ్మా. ఇంకా పని రానివాళ్ళని."

అమ్మ చేతిలో కాయలు గంపలో పడేసి నా వైపు తిరిగింది. "పని రాదా నీకు? ఆరో తరగతి నుంచి నా పక్కన కూచుని తాలు ఏరింది ఎవరే మరి? మీ మేనత్తా?"

వరసలో కూర్చున్న ఆడవాళ్ళంతా పకపకా నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. అసలే నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. "అది అనుభవం కిందకి రాదమ్మా" అన్నాను. "ఎందుకు రాదు?" అంది. ఎందుకు రాదో నాకూ తెలియదు. నెట్ సెంటర్ అతను అందరికీ ఇలాగే రాస్తానన్నాడు, నేను తలూపాను. కాగితం మడిచి చున్నీలో దాచుకున్నాను. అమ్మ మాత్రం ఆ సాయంత్రం దాకా "ఫ్రెషరంట, ఫ్రెషరు" అని గొణుగుతూనే ఉంది.

మిరపకాయ కోశాక కళ్ళంలో ఆరబోస్తారు. ఎండాక ఎర్రటి కాయని ఒకవైపు, రంగు పోయి తెల్లబారిన కాయని ఒకవైపు ఏరాలి. ఆ తెల్లబారినదే తాలు. మా వాడలో ఆడవాళ్ళకి అదే పని. ఒంటిపూట బడులు మొదలయ్యాయంటే నేను పుస్తకాల సంచి ఇంట్లో పడేసి, సద్ది తిని, తలకి గుడ్డ చుట్టుకుని అమ్మ దగ్గరికి వెళ్ళేదాన్ని. మొదటి వారమంతా తుమ్ములే. రెండో వారానికి ముక్కు అలవాటు పడేది.

"కంటితో చూడబాక, కంటికి అన్నీ ఎర్రగానే ఉంటయ్. చేత్తో చూడు" అనేది అమ్మ. కాయని చెవి దగ్గర పెట్టుకుని ఊపేది. లోపల గింజ గలగలమంటే ఎండినట్టు. వంచితే పుటుక్కున విరగాలి, మెత్తగా వంగితే ఇంకా తడి ఉన్నట్టు. తొడిమ దగ్గర నల్లమచ్చ ఉంటే అది వేరే కుప్ప. ఇదంతా చెబుతూ చెబుతూ నా స్కూలు సంగతులు లాగేది. పరీక్ష ఎలా రాశావంటే "బాగానే రాశా" అనేదాన్ని. "అబద్ధం" అనేది వెంటనే. ఎలా తెలిసిందని గొడవపడితే ఒకరోజు నవ్వి చెప్పింది, "అబద్ధమాడేటప్పుడు నీ చేతులు ఆగిపోతయ్ లే." నాకు తెలియని నా గుట్టు అది. ఆ తరవాత ఎంత జాగ్రత్తపడినా లాభం లేకపోయింది. అబద్ధం నోట్లోంచి వస్తుంటే వేళ్ళు వాటంతటవే బిగుసుకుపోయేవి.

ఒంగోలులో డిగ్రీ చివరి ఏడాది కెరీర్ గైడెన్స్ అని ఒకాయన వచ్చి, అయిదేళ్ళ తరవాత ఎక్కడ ఉండాలనుకుంటున్నారో రాయమని అందరికీ తెల్లకాగితాలు పంచాడు. నేను "గవర్నమెంట్ ఉద్యోగం" అని రాసి పక్కమ్మాయి కాగితంలోకి చూశాను. అదే. వెనక బెంచీలో కూడా అదే. ఆయన కాగితాలన్నీ తిరగేసి నీరసంగా నవ్వాడు. ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే అమ్మ తేల్చేసింది. "నీడపట్టున కూచునే పని ఏదైనా చేసుకోవే. నాకు అంతే కావాల్సింది." నా కెరీర్ ప్లాన్ అంటూ ఎవరైనా వేసి ఉంటే అది అమ్మే, ఆ ఒక్క వాక్యంలోనే.

గుంటూరు శివార్లలో మిరపకాయలు, పసుపు ఎగుమతి చేసే కంపెనీ ఒకటి ల్యాబ్‌లోకి ట్రైనీలని తీసుకుంటోందని మా లెక్చరర్ చెప్పారు. ఇంటర్వ్యూ రోజున అమ్మ బస్సు దాకా వచ్చి, నా తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. అది ఎంతకీ తెమలకపోయేసరికి డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టాడు. "ఆమెన్ అన్నాక పోదువులే" అని అమ్మ అతన్నీ కసిరింది.

వెయిటింగ్ హాల్లో ఏసీ చలికి వణికాను. చలి ఒకటే కాదు లెండి, పక్కన కూర్చున్న అమ్మాయిలు ఇంగ్లీషులో గలగలా మాట్లాడుకుంటున్నారు. నా గోళ్ళ అంచుల్లో ఇంకా మిరప ఎరుపు ఉంది, ఎన్నిసార్లు తోమినా పోలేదు. చేతులు ఫైలు కింద దాచుకుని కూర్చున్నాను.

లోపల ముగ్గురున్నారు. మధ్యలో ఉన్నాయన క్వాలిటీ మేనేజరు, నెరిసిన జుట్టు, మెల్లటి గొంతు. కారం ఎలా కొలుస్తారు, రంగు ఎలా కొలుస్తారు అని అడిగారు. బట్టీ పట్టిందంతా అప్పజెప్పాను. తరవాత ఒక తెల్ల ట్రేలో నాలుగు గుప్పిళ్ళ ఎండుమిరపకాయలు పోసి నా ముందు పెట్టారు. అంతలో ఎవరికో ఫోనొచ్చింది, మిగతా ఇద్దరూ ఏదో మాటల్లో పడ్డారు. నేను వాళ్ళు అడగబోయే ప్రశ్న ఏమై ఉంటుందా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. తలెత్తి చూస్తే మేనేజరు గారు నా మొహం చూడటం లేదు, నా చేతుల వైపు చూస్తున్నారు. నేనూ చూసుకున్నాను. ట్రేలో మూడు కుప్పలు. మంచికాయ, తాలు, మచ్చకాయ. ఎప్పుడు ఏరానో నాకు తెలియదు.

"ఫ్రెషర్ అని రాశారే" అన్నారాయన. "ఇది ఎవరు నేర్పారమ్మా?"

మా అమ్మ అనాలి. ఆ రెండు మాటలూ నాలిక చివరిదాకా వచ్చాయి. వాటి వెనకే బయట కూర్చున్న అమ్మాయిల ఇంగ్లీషు, నా గోళ్ళు, కళ్ళంలో తలకి గుడ్డ చుట్టుకుని కూర్చున్న అమ్మ, అన్నీ వచ్చాయి. సిగ్గేసింది. అమ్మని చూసి సిగ్గుపడ్డానని ఇన్నేళ్ళకి ఇక్కడ రాస్తుంటే ఆ సిగ్గు తిరిగి నా మీదకే వస్తోంది.

"కాలేజీలో సార్. ప్రాక్టికల్స్‌లో" అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మంచి కాలేజీ" అన్నారు.

ఇంటికొచ్చేసరికి సాయంత్రమైంది. అమ్మ వసారాలో గోంగూర ఒలుస్తోంది. నేనూ ఒక కట్ట అందుకుని పక్కన కూర్చున్నాను. "ఏమడిగారే?" అంది. కాయలు ఏరిన సంగతి చెప్పాను. ఆవిడ మొహం వెలిగిపోయింది. "ఎవరు నేర్పారని అడగలా?"

"అడిగారు. మా అమ్మ నేర్పిందని చెప్పాను."

ఎందుకలా అన్నానో నాకే తెలియదు. ఆ మొహం చూశాక ఇంకోలా అనలేకపోయాను. గోంగూర కాడ నా చేతిలో అలాగే ఉండిపోయింది. అమ్మ తన చేతిలో కాడ ఒలిచి చేటలో వేసింది. తరవాత "అంత పెద్దోళ్ళ ముందరా?" అంది. ఊఁ అన్నాను. నా ఒళ్ళో మిగిలిన గోంగూర తన చేటలోకి లాక్కుని, "పో, మొహం కడుక్కో" అంది.

రెండు వారాలకి ఉద్యోగం వచ్చింది. ఆ ఆదివారం చర్చిలో అమ్మ సాక్ష్యం చెప్పడానికి లేచింది. నా అబద్ధాన్ని దేవుడి సన్నిధిలో చెప్పేస్తుందేమోనని భయపడ్డాను. అయితే "నా బిడ్డకి ఉద్యోగమిచ్చిన దేవుడికి స్తోత్రం" అని చెప్పి కూర్చుంది. మర్చిపోయిందిలే అనుకుని ఊపిరి పీల్చుకున్నాను. ఆరాధన అయ్యాక బయటికొస్తే, చర్చి మెట్ల మీద పదిమంది ఆడవాళ్ళ మధ్య నిలబడి, "ఎవరు నేర్పారని అడిగితే మా అమ్మ అని చెప్పిందంట" అని చేతులు తిప్పుతూ వర్ణిస్తోంది. చెప్పులేసుకుని ఇంటికి పరిగెత్తాను.

ఆ తరవాతి పన్నెండేళ్ళలో నేను పైకొచ్చాను. కష్టపడ్డాను, కాదనను. హాస్టల్లో ఉంటూ దూరవిద్యలో పీజీ చేశాను. ఇంగ్లీషు రిపోర్టులు అద్దం ముందు పైకి చదివి నోరు తిప్పుకున్నాను. సరుకు తెచ్చే ఏజెంట్లతో గొంతు చించుకుని పోట్లాడాను. "నోరు కాస్త మంచిదైతే ఇంకా తొందరగా ప్రమోషన్ వచ్చేదమ్మా" అని మేనేజరు గారు నవ్వేవారు. ఒకసారి తేమ కొలిచే మిషను అంతా బాగుందని చూపిస్తుంటే, బస్తాలోంచి ఒక కాయ తీసి వంచాను. విరగలేదు, వంగింది. లారీ ఆపించి మళ్ళీ పరీక్ష చేయిస్తే మిషనే తప్పు చూపిస్తోందని తేలింది. ఎలా పట్టావని అందరూ అడిగారు. "అనుమానమొచ్చింది" అన్నాను. ఎప్పుడు ఎవరడిగినా ఇలాంటి జవాబే చెప్పాను. ప్రమోషన్ వచ్చిన ప్రతిసారీ అమ్మకి ఫోన్ చేసేదాన్ని. "నీడపట్టునే గదా?" అని అడిగేది. ఎన్ని మెట్లెక్కినా ఆవిడకి ఆ ఒక్క సంగతే కావాలి.

మొన్న వేసవిలో ల్యాబ్‌లోకి పదిమంది కొత్తమ్మాయిలని తీసుకున్నాం. చురుకైన పిల్లలు. మిషను చూపించే అంకె చెబుతారు, కాయ మాత్రం పట్టుకోరు. మేనేజరు గారు ఇంకో రెండు నెలల్లో రిటైరవుతున్నారు. నా గదిలోకి వచ్చి, "వీళ్ళకి చేతిపని నేర్పాలమ్మా. మీకు కాలేజీ ప్రాక్టికల్స్ చెప్పినవాళ్ళు ఉన్నారు కదా, వాళ్ళని ఒకసారి పిలిపించండి" అన్నారు. నవ్వలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు. నా చెవులు వేడెక్కాయి. ఇన్నేళ్ళూ ఆయనకి తెలుసన్నమాట. "మా అమ్మని పిలుస్తాను సార్" అన్నాను. "అదే నేనూ అంటున్నది" అన్నారు.

అమ్మ చర్చికి కట్టుకునే చీర కట్టుకుని వచ్చింది. తలకి ప్లాస్టిక్ టోపీ పెట్టుకోవాలంటే, "నా గుడ్డకేం రోగమొచ్చింది" అని తగువు పెట్టుకుంది. కుర్చీ వద్దంది, పీట కావాలంది. ల్యాబంతా వెతికినా పీట దొరక్క ఒక అట్టపెట్టె బోర్లించాం. కాసేపట్లోనే పదిమంది అమ్మాయిలూ తెల్లకోట్లతో కింద చుట్టూ కూర్చుని, కాయల్ని చెవుల దగ్గర పెట్టుకుని ఊపుతున్నారు. "ఆ అద్దాల పిల్లా, కంటితో చూడబాక" అని అరుస్తోంది అమ్మ. నాకు ఆవిడ మీద ఎంత ప్రేమ పొంగిందంటే గోడకి ఆనుకుని నిలబడ్డాను.

మేనేజరు గారు వచ్చి నమస్కారం పెట్టారు. అమ్మ అట్టపెట్టె మీద నుంచి లేచి, అందరూ వింటుండగా, "ఆనాడు మా అమ్మాయి నా దగ్గరే నేర్చుకున్నానని మీతో చెప్పిందంట గదా సారూ?" అంది.

ఆయన నా వైపు చూడలేదు.

"చెప్పిందమ్మా. అది విన్నాకే ఉద్యోగమిచ్చాం" అన్నారు.

మర్నాడు ఆదివారం కావడంతో అమ్మని దిగబెట్టడానికి నేనూ బస్సెక్కాను. చిలకలూరిపేట దాటాక సంచిలోంచి బత్తాయి తీసి ఒలవడం మొదలుపెట్టాను. ఇక దాచుకోవడం నా వల్ల కాలేదు.

"అమ్మా, ఇంటర్వ్యూలో నేను నీ గురించి చెప్పలేదు. కాలేజీలో నేర్చుకున్నానని చెప్పాను. నిన్న సారు నాకోసం అబద్ధమాడారు."

అమ్మ కిటికీలోంచి పత్తిచేలు చూస్తూనే ఉంది. "తెలుసులేవే" అంది.

"ఎప్పటినుంచి?"

"ఆరోజు నుంచే. గోంగూర కాడ పట్టుకుని కొయ్యబొమ్మలా కూచున్నావు గదా."

"మరి తెలిసీ అందరికీ చెప్పావెందుకు? చర్చిలో..."

"చర్చిలో ఏం చెప్పానో గుర్తు తెచ్చుకో. ఉద్యోగమొచ్చిందన్నా, నిజమే గదా. తక్కినదంతా బయట మెట్ల మీద చెప్పా. దేవుడి ముందర అబద్ధమాడతానటే నేను?"

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. "మెట్ల మీదైనా ఎందుకమ్మా?" అన్నాను.

అప్పుడు తిరిగింది నా వైపు. "నీకు పని నేర్పింది నేనా, కాదా? నువ్వు చెప్పకపోతే నేనన్నా చెప్పుకోవద్దా?"

కండక్టరు వచ్చి వెళ్ళాడు. తరవాత అమ్మే అడిగింది. "ఇప్పుడు ఎవరన్నా అడిగితే ఏం చెబుతావు?"

"మా అమ్మ నేర్పిందని చెబుతాను. పదకొండో ఏట నుంచి, కళ్ళంలో."

అమ్మ నా మొహం చూడలేదు. నా చేతుల వైపు చూసింది. అవి బత్తాయి ఒలుస్తూనే ఉన్నాయి.

"సరే, నాకో తొన ఇటియ్యి" అంది.