సర్దుకోండి బాబాయి క్యారెట్ మడి

రోజూ పొద్దున్నే దేవుడికి దండం పెట్టుకున్నాక, మా బాబాయి రెండో దండం పెరట్లోని క్యారెట్ మడికి పెట్టేవాడు. ఆ తరువాత గొంతుక్కూర్చుని, చెంబులో నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి జల్లుతూ, "జరగండమ్మా, కాస్త సర్దుకోండి" అనేవాడు. బస్సు కండక్టరుగా రిటైరైనా, నోరు మాత్రం ఇంకా డ్యూటీ దిగలేదు.

ఆయన బస్సులో చోటు లేదన్న మాట ఎవరూ వినలేదు. ముసలమ్మ ఎవరైనా ఆయాసపడుతూ వస్తుంటే బస్సు ఆపించి, మూట తనే అందుకునేవాడు. మెట్టు మీద కాలు పెట్టినవాళ్ళను దించెయ్యడం ఆయనకు చేతకాదు. అందుకే వీధివాళ్ళకు ఆయన 'సర్దుకోండి బాబాయి'.

మడిలోనూ అదే వరస. చిటికెడు విత్తనం చాలిన చోట గుప్పెడు చల్లాడు. మొలకలు జుట్టులా ఒత్తుగా లేచాయి. రెండు వేళ్ళ ఎడం ఉంచి తక్కినవి పీకెయ్యమని విత్తనాల కొట్టాయన చెబితే, "దేవుడు మొలిపించాడు, పీకడానికి నేనెవర్నయ్యా?" అన్నాడు.

తీరా తవ్వితే ఏముంది? ఒకదాన్నొకటి పెనవేసుకున్న పురికొస ముక్కలు! పిన్ని ఒకటి తీసి వెలుతురులో పట్టి చూసింది.

"ఏవండీ, వీటిని వండమంటారా, చెవిలో గుబిలి తీసుకోమంటారా?"

"మొదటి కాపు కదే!"

"ఇంకొక్క కాపు చూస్తాను. గిన్నెడు కూరకైనా రాకపోతే ఆ మడి నాది. నా కొత్తిమీర పీకి మరీ ఇచ్చాను మీకు."

బాబాయి ఆ పూటే మళ్ళీ విత్తనాల కొట్టుకు పరిగెత్తాడు. రిటైరయ్యాక ఆయనకు పలకరించే జనం ఉన్నది ఆ మడిలోనే మరి.

ఈసారి విత్తనాన్ని ఇసుకలో కలిపి, వరసల్లో చల్లి, తడి గోనెపట్టా కప్పాడు. అయినా చెయ్యి పాత చెయ్యే కదా, మొలకలు మళ్ళీ కిక్కిరిసిపోయాయి. పీకుదామని ఒకదాన్ని పట్టుకుని వదిలేశాడు. పక్కదాన్ని పట్టుకున్నాడు. దాన్నీ వదిలేసి, దాని మొదలు చుట్టూ మట్టి సర్దాడు. వంటింటి కిటికీలోంచి పిన్ని అంతా చూస్తూనే ఉంది. ఊరుకుంటే మడి తనదే.

బాబాయి లేచి కిటికీ దగ్గరకు వచ్చాడు.

"ఏమే, ఒక్క సాయం చేసిపెడతావా?"

"చెప్పండి."

"నేనలా వీధిలోకి వెళ్ళి నిలబడతాను. వచ్చేలోగా నువ్వే... కాస్త మెల్లిగా, కసరకుండా, దింపెయ్యవే."