కదలొద్దన్న అమ్మాయి

సికింద్రాబాద్ స్టేషన్‌లో ఆడవాళ్ల వెయిటింగ్ రూము. ఎదురు కుర్చీలో ఒక అమ్మాయి మాటిమాటికీ నా ముఖం చూస్తూ అట్టమీద కాగితం పెట్టుకుని గీస్తోంది. ఆర్ట్ కాలేజీ పిల్లలు స్టేషన్లకొచ్చి ప్రయాణికుల బొమ్మలు గీయడం నాకు తెలియనిది కాదు. నేనూ ఆ చదువే చదివాను.

"ఎవర్నడిగి గీస్తున్నావు?" అన్నాను.

ఆమె పెన్సిల్ ఆపలేదు. "జెర కదలకుండ్రి మేడం. మొకం అయిపోవచ్చింది."

ఒళ్లు మండిపోయింది. మా రోజుల్లో మోడల్ రాకపోతే, క్లాసులో ఉన్న ఇద్దరు ముగ్గురు ఆడపిల్లల్లో ఒకరిని, ఎక్కువగా నన్నే, స్టూలెక్కించేవాళ్లు. మగపిల్లలు గీసేవాళ్లు. కదిలితే సారు కసిరేవాడు. వాళ్లకు చెయ్యి తిరిగింది, నాకు నడుము పట్టేసింది.

లేచి వెళ్లి ఆమె చేతిలోంచి అట్టా పెన్సిలూ లాక్కున్నాను. "ఇప్పుడు నువ్వు బొమ్మకు కూర్చో. కదిలావంటే ఊరుకోను."

"ఏందీ లొల్లి," అని గొణుగుతూనే కదలకుండా కూర్చుంది. కొత్త కాగితం తీసి కసిగా గీశాను. పెన్సిల్ పట్టి ఎన్నేళ్లయిందో.

ఇంతలో ఆమె రైలు అనౌన్స్ చేశారు. లేచి వచ్చి, నేను గీసిన బొమ్మను పట్టి పట్టి చూసింది.

"ముక్కు తప్పొచ్చింది మేడం. కండ్లు సుత బాగ దగ్గరకైనయ్."

ఆ కాగితం నాకే వదిలేసి, పైన తన రబ్బరు పెట్టి, అట్ట లాక్కుని పోయింది.

కాలేజీలో ఉన్నన్నాళ్లూ నా గీతకు ఎవరూ వంక పెట్టలేదు. అసలు ఎవరైనా చూస్తే కదా.