పత్తిచేలో మారెమ్మ సినిమా

ఆదోని టాకీసుల్లో ఆడని సినిమాలు కూడా చూసి వచ్చిన ఘనురాలు మారెమ్మ. నలభై ఏళ్లుంటాయి, చదువు మూడో తరగతి. ఆమె చెప్పే హత్యల సినిమాల్లో ముక్కాలు మువ్వీసం ఆమె సొంతంగా కట్టినవే.

ఎమ్మిగనూరు దారి చేలలో పత్తి తీసే ఆడవాళ్లకు ఆమె కథ లేనిదే పొద్దు గడిచేది కాదు. కథ చెప్పే మనిషి చెయ్యి వెనకబడుతుంది కనక తలా ఒక గుప్పెడు పత్తి ఆమె ఒడిలో వేసేవాళ్లు. "నేనే కట్టినాను" అంటే ఆ గుప్పెడు పడదని మారెమ్మ భయం. కూలిదాని ఊహకు విలువెక్కడిది? అందుకే ప్రతి కథకూ ముందుగా "ఆదోనిలో సూసినానమ్మా" అని ఒక అబద్ధం తగిలించేది.

నేరం కథ ఎక్కడ నిలబడుతుందో ఆమె ఆడవాళ్ల చేతులు చూసి నేర్చుకుంది. పోలీసు వచ్చి అంతా విడమరిచి చెప్పే చోట చేతులు చకచకా ఆడేవి. అంటే కథ చచ్చిందన్నమాట. మనం నమ్మినవాడు నవ్వుతూ అబద్ధమాడే చోట మాత్రం కాయల మీదే ఆగిపోయేవి. నెత్తురు పోసేకొద్దీ కథ పలచనవుతుందనీ, హంతకుడి మీద మనకు ముందు ఇష్టం పుట్టాలనీ ఆమెకు ఏ పెద్దమనిషీ చెప్పలేదు.

ఈ గుట్టంతా ఆమె విప్పింది ఒక్కడి దగ్గరే. కూలీలను చేలకు తోలుకుపోయే ఆటో ప్రేమ్ కుమార్ దగ్గర. అక్కా అక్కా అని వెంట తిరిగేవాడు, జ్వరమొస్తే మాత్రలు తెచ్చిచ్చినవాడు. పోయినేడు ఆమె తన కథలన్నిటిలోకీ మేలైనది కట్టింది. పత్తికూలీ ఒకామె హత్యవుతుంది, చంపింది అందరూ నమ్మిన ఆటోవాడే. చేలో దాన్ని కూడా ఆదోని సినిమాగానే చెప్పి, ప్రేమ్ కుమార్ దగ్గర మాత్రం నిజం విప్పింది.

"ఇది నా సొంతం ప్రేమా. ఎవరికీ సెప్పొద్దప్పా," అంది.

"యాం కథక్కా! ఇంగోసారి సెప్పు, ఫోన్లో పట్టుకుంటా. మల్లా మల్లా ఇనుకుంటాను," అన్నాడు.

మురిసిపోయి మళ్లీ చెప్పింది, పిచ్చిది.

మొన్న చేనికి పోతుంటే ఆటోలో తోటికూలీ రేణుక ఫోన్ తెరిచింది. ప్రేమ్ కుమార్ స్నేహితులతో కలిసి తీసిన సినిమా, లక్షల మంది చూశారట. అన్నీ మారెమ్మ మాటలే. ఆమె ఆగిన చోటే వాళ్లూ ఆగుతున్నారు. ఒక్కటే మార్చాడు. చంపింది ఆటోవాడు కాదు, చేలో కథలు చెప్పే కూలామె. చివర్లో 'కథ: ప్రేమ్ కుమార్' అని పడింది.

"అది నా కథ!" మారెమ్మ అరిచింది. "నేనే కట్టినాను. ప్రేమా, సెప్పప్పా వీళ్లకు!"

ప్రేమ్ కుమార్ అద్దంలోంచి చూసి నవ్వాడు. "అదేందక్కా? ఆదోనిలో సూసినానని నువ్వే కదా అంటివి?"

ఆటోలో వేరుసెనగ కాయలు ఒలుచుకుంటున్న ఆడవాళ్ల చేతులు ఒక్కటీ ఆగలేదు. "సినిమా కథ నీ సొత్తెట్లయితాదే?" అంది పెద్దామె పార్వతమ్మ. "అయినా నువ్వు ఆఖరు తప్పు సెప్పినావులే. ఈ పిల్లోడు సరిగ్గా తీసినాడు."

మారెమ్మకు వాణ్ణి నమ్మినందుకు తన చెప్పుతో తనే కొట్టుకోవాలనిపించింది. ఇన్నేళ్లూ తను ఆడిన అబద్ధమే వాడికి సాక్షి అయింది.

మర్నాడు సాళ్లలోకి దిగగానే రేణుక అడిగింది. "ఈ పొద్దు యా సినిమా?"

"సినిమా కాదు. నేను కట్టిన కథ."

"నీదైతే యాం బాగుంటాదిలే! సినిమాదే సెప్పు."

ఒకరి చెయ్యీ ఆమె ఒడి వైపు రాలేదు. మారెమ్మ ఒక సాలంతా పత్తి తీసింది.

"ఆదోనిలో సూసినానమ్మా," అంది చివరకు. "ఒగ ఆటోవాడు. శానా మంచోడు."

గుప్పెడు పత్తి వచ్చి ఒడిలో పడింది.